కొవ్వు శత్రువు కాదు: మన పొలం, మన వంటిల్లు, ఆవశ్యక కొవ్వులు

"నూనె మానేయండి" అన్న మాట ఇప్పుడు కోలారు జిల్లా సరిహద్దు గ్రామాలలో తరచుగా వినబడుతున్నది. గుండెజబ్బు గల తాతకు వైద్యుడు చెప్పిన పథ్యాన్ని ఇంటిల్లిపాదికీ వర్తింపజేసి, ఏడాది నిండిన మనుమడి సంగటిలో సైతం చుక్క నెయ్యి వేయని ఇళ్ళున్నాయి. అదే వీథిలో, సాయంకాలం కాగానే నల్లబడిన నూనెలో వేగిన బజ్జీలు పొట్లాలుగా వచ్చి చేరే ఇళ్ళూ ఉన్నాయి. మొదటి ఇంటిలో పసివానికి అవసరమైనది అందటం లేదు. రెండవ ఇంటిలో పెద్దలకు అనవసరమైనది అందుతున్నది. ఈ రెండింటికీ మూలం ఒక్కటే: కొవ్వులన్నిటినీ ఒకే గాటన కట్టి చూడటం.

కొవ్వులలో కొన్ని లేకుండా మానవదేహం నిలువజాలదు. వాటిని దేహం తనంతట తాను తయారు చేసుకోలేదు. అవి ఏవి, మన ప్రాంతపు ఆహారంలో ఎక్కడ ఉన్నాయి, ఎవరికి ఎంత కావాలి అన్న విషయాలను ఈ వ్యాసంలో క్రమంగా తెలుసుకుందాం.

కొవ్వు చేసే పనులు

పిండిపదార్థం గాని, మాంసకృత్తులు గాని ఒక గ్రాము తింటే 4 కిలోకేలరీల శక్తి లభిస్తుంది. ఒక గ్రాము కొవ్వు 9 కిలోకేలరీలు ఇస్తుంది. అందువలననే కొద్దిపాటి నూనె ఎక్కువ శక్తినిస్తుంది. మోతాదు మించితే త్వరగా ఒళ్ళూ పెంచుతుంది.

శక్తి ఒక్కటే కొవ్వు చేసే పని కాదు. ఎ, డి, ఇ, కె విటమినులు కొవ్వులో కరిగేవి. ఆహారంలో కొంచెమైనా కొవ్వు లేకపోతే ఇవి పేగుల నుండి రక్తంలోనికి సరిగా చేరవు. మన కోలారు టమాటకు ఎర్రని రంగునిచ్చే లైకోపీన్ కూడా నూనెతో కలిపి వండినప్పుడే దేహానికి బాగా అందుతుంది. ఆకుకూరకు తిరగవాత పెట్టటం రుచి కొరకు మాత్రమే కాదన్నమాట. అందులోని రెండు చెంచాల నూనె ఆ కూరలోని కెరోటిన్‌ను దేహానికి చేర్చే వాహనం. దేహంలోని ప్రతి కణానికీ ఉండే పొర కొవ్వుతో నిర్మితమైనదే. మెదడు పొడిబరువులో సగానికి పైగా కొవ్వు పదార్థమే.

ఆవశ్యక కొవ్వులు అనగానేమి?

నూనెలు, నెయ్యి అన్నీ కొవ్వు ఆమ్లాలు అనే చిన్న భాగాలతో ఏర్పడినవి. ఇవి స్థూలంగా మూడు తరగతులు. సంతృప్త కొవ్వు ఆమ్లాలు నెయ్యి, కొబ్బరినూనె, పామాయిల్‌లలో ఎక్కువ. చలికి గడ్డకట్టే గుణం వీటిది. ఏక అసంతృప్త కొవ్వు ఆమ్లాలు వేరుశనగ నూనెలో ఎక్కువ. బహు అసంతృప్త కొవ్వు ఆమ్లాలు పొద్దుతిరుగుడు, కుసుమ, వెర్రినువ్వుల నూనెలలో ఎక్కువ.

మొదటి రెండు తరగతులను దేహం స్వయంగా తయారు చేసుకోగలదు. మూడవ తరగతిలోని రెండింటిని మాత్రం ఏ విధంగానూ చేసుకోలేదు. ఒకటి లినోలీక్ ఆమ్లం. ఇది ఒమేగా-6 కుటుంబానికి మూలం. రెండవది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. ఇది ఒమేగా-3 కుటుంబానికి మూలం. ఈ రెండూ తప్పనిసరిగా ఆహారం ద్వారానే రావాలి గనుక వీటిని ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు అంటారు.

ఈ సంగతిని కనుగొన్నవారు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన జార్జి బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు. కొవ్వు ఏ మాత్రమూ లేని ఆహారాన్ని వారు ఎలుకలకు పెట్టారు. వాటి చర్మం పొలుసులుగా లేచింది, తోకలు పుండ్లు పడ్డాయి, పెరుగుదల ఆగింది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. లినోలీక్ ఆమ్లం కొద్దిగా ఇవ్వగానే అవి కోలుకున్నాయి. 1929, 1930 సంవత్సరాలలో ఈ ఫలితాలు వెలువడే వరకు కొవ్వును కేవలం ఇంధనంగానే శాస్త్రజ్ఞులు భావించేవారు.

మోచేతుల మీది ముళ్ళు

ఎలుకల మాట అటుంచి, మన పిల్లల విషయానికి వద్దాం. కొందరు బడిపిల్లల మోచేతుల వెనుక, మోకాళ్ళ మీద చర్మం గరుకుగా, చిన్న చిన్న ముళ్ళు మొలిచినట్లు ఉంటుంది. తడిమితే కప్ప వీపులా తోస్తుంది. దీనిని వైద్యులు ఫ్రైనోడెర్మా అంటారు. 1930వ దశకంలో నీలగిరులలోని కూనూరు పోషకాహార పరిశోధనాలయానికి చెందిన ఆక్రాయిడ్, ఆయన సహచరులు దక్షిణ భారతదేశపు పాఠశాలల పిల్లలను పరిశీలించినప్పుడు ఈ లక్షణాన్ని నమోదు చేశారు. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో పనిచేస్తున్నది.

మొదట దీనికి విటమిన్ ఎ లోపమే కారణమని తలచారు. ఆవశ్యక కొవ్వు ఆమ్లాల లోపం, బి విటమినుల లోపం కూడా దీనికి దారితీస్తాయని తరువాతి పరిశోధనలు చూపాయి. గరుకు చర్మమంతా ఈ లోపమే కాదు. చలికాలపు పొడిచర్మం వేరు. ముళ్ళ వంటి గడ్డలు నెలల తరబడి తగ్గకపోతే పిల్లవానిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించాలి. చర్మానికి పైపూతలు పూసి ఊరుకోక, ఆ పిల్లవాని కంచంలో ఏముందో కూడా చూడాలి.

అక్కడి సాళ్ళలో దాగిన విజ్ఞానం

మన జిల్లా రైతుకు రాగిచేనులో అక్కడి సాళ్ళు వేయటం పూర్వం నుండి అలవాటు. రాగి నడుమ నడుమ అనప, కంది, అలసంద. అక్కడక్కడ ఆవాలు, ఆముదం. గట్ల వెంబడి పసుపుపచ్చని పూలతో వెర్రినువ్వులు, అనగా కన్నడంలో చెప్పే హుచ్చెళ్ళు. వాన మోసం చేసినా ఏదో ఒక పంట చేతికి వస్తుందన్న ముందుచూపు దీనికి ప్రధాన కారణం. ఆహార దృష్టితో చూసినా ఈ పద్ధతి గొప్పదే.

రాగిలో కొవ్వు స్వల్పం. నూరు గ్రాములకు రెండు గ్రాముల లోపే. కనుక సంగటి మాత్రమే తింటే ఆవశ్యక కొవ్వులు చాలవు. ఆ లోటును అదే చేను తీర్చేది. వెర్రినువ్వుల నూనెలో సగానికి పైగా లినోలీక్ ఆమ్లమే. ఆ గింజలను వేయించి దంచిన పొడి సంగటికి తోడయ్యేది. ఆవాలలో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉన్నది. మినుములు, అలసందలు, మెంతులలోనూ, బస్సారుకు, మస్సొప్పుకు వాడే ఆకుకూరలలోనూ అది కొంత లభిస్తుంది. చేని గట్లమీద తనంతట తాను మొలిచే గంగవావిలి కూర, అనగా గోణి సొప్పు, ఒమేగా-3కి పేరుగన్న ఆకుకూర.

చేనిలో ఒకే పంట వేయటం పెరిగి, మార్కెట్టు కొరకు టమాట మాత్రమే పండించటం మొదలయ్యాక గట్టుమీది వెర్రినువ్వులు తగ్గాయి. డబ్బు చేతికి వచ్చింది, మంచిదే. కాని చేను ఇచ్చిన వైవిధ్యాన్ని ఇకమీదట అంగడిలో మనమే ఎంచి కొనుక్కోవలసి వచ్చింది. ఆ ఎంపిక తెలిసి చేయాలి.

గని మూతపడింది, కంచం మారలేదు

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ చేపట్టిన కోలారు బంగారు గనులు నూటఇరవై ఏళ్ళ పాటు వేలాది తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలకు అన్నం పెట్టాయి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు చేరింది. అంతటి వేడిలో రాయి తొలిచిన మనిషికి ఎక్కువ శక్తి అవసరం. కాయకష్టం చేసే పురుషునికి రోజుకు 40 గ్రాములు, కూర్చుని పనిచేసే పురుషునికి 25 గ్రాములు కంటికి కనబడే కొవ్వు చాలునని హైదరాబాదు సంస్థ 2011 నాటి సూచనలు తెలిపాయి. స్త్రీలకు ఈ అంకెలు వరుసగా 30, 20 గ్రాములు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ కుటుంబాల వారిలో అనేకులు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు వెళ్ళి, రాత్రికి ఇల్లు చేరుతున్నారు. రోజులో మూడు నాలుగు గంటలు రైలులో కూర్చోవటం, తక్కిన సమయంలో చాలామందికి నిలబడి లేదా కూర్చుని చేసే పని. తాత చేసిన కష్టం మనుమడు చేయటం లేదు గాని, నూనె మాత్రం తాతకంటే ఎక్కువే తింటున్నాడు. స్టేషను దగ్గరి బోండా, బంగారపేట పానీపూరి, ముళబాగిలు దోస మన ప్రాంతపు ప్రీతిపాత్రాలు. వాటిని ఎప్పుడో ఒకప్పుడు తినటంలో దోషం లేదు. ప్రతిదినమూ తింటే ఆ నూనె కూడా లెక్కలోనికి వస్తుందని మరువరాదు.

ఏ నూనెలో ఏమున్నది?

ఈ దిగువ అంకెలు ఉజ్జాయింపులు. విత్తనపు రకాన్ని బట్టి కొంత మారుతాయి.

వేరుశనగ నూనె: సగం వరకు ఏక అసంతృప్త కొవ్వు, మూడవ వంతుకు కొంచెం తక్కువ లినోలీక్ ఆమ్లం. ఒమేగా-3 లేనట్లే.

నువ్వుల నూనె: ఏక అసంతృప్త కొవ్వు, లినోలీక్ ఆమ్లం దాదాపు సమానంగా, చెరి నలభై శాతం. త్వరగా చెడిపోదు.

పొద్దుతిరుగుడు నూనె: సుమారు 60 శాతం లినోలీక్ ఆమ్లం. పదే పదే కాచటానికి తగదు.

పామాయిల్: సగం సంతృప్త కొవ్వు, లినోలీక్ ఆమ్లం పది శాతం చొప్పున.

కొబ్బరినూనె: 90 శాతం వరకు సంతృప్త కొవ్వు.

తవుడు నూనె: మూడు తరగతుల కొవ్వులూ కలిసినది, లినోలీక్ ఆమ్లం మూడవ వంతు.

ఆవనూనె: ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం పది శాతం వరకు.

సోయా నూనె: సగం లినోలీక్ ఆమ్లం, ఏడు శాతం వరకు ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం.

నెయ్యి: 60 శాతానికి పైగా సంతృప్త కొవ్వు. ఎ విటమిను ఉన్నది. ఆవశ్యక కొవ్వులు స్వల్పం.

ఈ పట్టిక నుండి ఒక ముఖ్య విషయం గ్రహించవచ్చు. రోజుకు నాలుగు చెంచాల వేరుశనగ నూనె తినే పెద్దమనిషికి ఆ నూనె ద్వారానే సుమారు 5 గ్రాముల లినోలీక్ ఆమ్లం అందుతుంది. ధాన్యం, పప్పులలోనిది కలిపితే రోజు అవసరానికి అది సరిపోతుంది. అదే నాలుగు చెంచాల పామాయిల్ మాత్రమే వాడితే వచ్చేది 2 గ్రాముల లోపే. 1990వ దశకంలో దిగుమతులు పెరిగిన తరువాత ధర తక్కువని పామాయిల్ పేదల ఇళ్ళలో స్థిరపడింది. సరిహద్దుకు ఆవలనున్న ఆంధ్ర రేషను దుకాణాలలో కూడా అది రాయితీ ధరకు లభించేది. పామాయిల్ విషం కాదు. కాని ఏడాది పొడుగునా అదొక్కటే వాడే ఇంటికి ఆవశ్యక కొవ్వులు తక్కువ పడతాయి. అటువంటివారు వారంలో కొన్నాళ్ళు వేరుశనగ లేదా నువ్వుల నూనె వాడటం, వేరుశనగ చట్నీ, నువ్వుల పొడి తినటం మేలు.

ఒమేగా-3 లోటును పూడ్చటం

మన ఇళ్ళలో సాధారణంగా కొరవడేది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. హైదరాబాదు సంస్థలో దశాబ్దాల పాటు పరిశోధించిన డాక్టర్ గఫూరున్నీసా వంటి శాస్త్రజ్ఞులు భారతీయుల ఆహారంలోని ఈ అసమతౌల్యాన్ని ఎత్తిచూపారు. ఒకే నూనెకు కట్టుబడక, రెండు రకాలను మార్చి మార్చి వాడమని ఆ సంస్థ చెబుతూ వచ్చింది. ఉదాహరణకు ఒక నెల వేరుశనగ లేదా తవుడు నూనె, మరొక నెల సోయా నూనె. ఆవనూనె వాసన మనవారికి సరిపడకపోవచ్చు, బలవంతం లేదు.

నూనె మార్చకుండానే చేయదగిన ఉపాయం అవిసెలు, అనగా అగసె గింజలు. వీటి నూనెలో సగం ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమే. గింజలను దోరగా వేయించి, ఎండుమిరప, వెల్లుల్లి, ఉప్పు చేర్చి పొడి చేసుకోవచ్చు. అవిసె పొడి ఒక చెంచా నిండుగా తింటే పెద్దలకు ఆ రోజు అవసరం దాదాపు తీరుతుంది. గింజలు నలగకుండా మింగితే అలాగే బయటికి పోతాయి కనుక పొడి చేయటం తప్పనిసరి. ఆ పొడి త్వరగా కనరు వాసన పడుతుంది. పది పదిహేను దినాలకు సరిపడేంత మాత్రమే చేసుకోవాలి.

మాంసాహారులకు చేప మరింత సులభమైన మార్గం. మెదడుకు, కంటికి కావలసిన డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు చేపలో సిద్ధంగా ఉంటుంది. ఆకుకూర, అవిసెల నుండి దేహం దానిని కొద్దిగానే తయారు చేసుకోగలదు. కేజీఎఫ్ అంగళ్ళకు వచ్చే మత్తి, బంగుడె వంటి చవక సముద్రపు చేపలు ఈ విషయంలో ఖరీదైన చేపలకు తీసిపోవు. వాటిని నూనెలో వేయించటం కంటే పులుసు పెట్టటం మంచిది.

దూరంగా ఉంచవలసినవి

ద్రవరూపంలోని నూనెను హైడ్రోజన్‌తో గడ్డకట్టించి వనస్పతి తయారు చేస్తారు. 1937లో డాల్డా పేరుతో వచ్చిన వనస్పతి నేతికి బదులుగా దేశమంతటా వ్యాపించింది. ఈ ప్రక్రియలో ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. ఇవి రక్తంలో చెడు కొలెస్టరాల్‌ను పెంచి, మంచి కొలెస్టరాల్‌ను తగ్గించి గుండెకు హాని చేస్తాయి. నూనెలు, కొవ్వులలో వీటి పరిమితిని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2021 జనవరి నుండి 3 శాతానికి, 2022 జనవరి నుండి 2 శాతానికి తగ్గించింది. అయినా నూనెను పదే పదే కాచినప్పుడు కొంత ట్రాన్స్ కొవ్వు, ఇతర హానికర పదార్థాలు పుడుతూనే ఉంటాయి. పొగ వచ్చే దాకా కాగిన నూనె, నురుగు కట్టిన నూనె, నల్లబడిన నూనె మళ్ళీ వాడరాదు. పండుగనాడు మిగిలిన నూనెను వడగట్టి ఒకటి రెండు రోజులలో తిరగవాతకు ఖర్చు చేయాలి. మళ్ళీ బాణలి పెట్టి వేయించటానికి వాడరాదు.

గానుగ నూనె కొనేవారికి ఒక హెచ్చరిక. బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది కాలేయానికి హానికరం. శుద్ధి చేయని నూనెలో అది కొంత మిగిలిపోతుంది. కనుక గానుగకు ఇచ్చే పప్పును ఏరి, బూజు పట్టినవాటిని, ముడుచుకుపోయినవాటిని తీసివేయాలి. కానుగ నూనె దీపానికే గాని తినటానికి పనికిరాదు. ఇక అంగడి పొట్లం మీద "కొలెస్టరాల్ లేదు" అన్న మాట చూసి మోసపోనక్కరలేదు. గింజల నూనె దేనిలోనూ చెప్పుకోదగిన కొలెస్టరాల్ ఉండదు.

నెలకు ఎన్ని పొట్లాలు?

హైదరాబాదు సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారం, రోజుకు 2000 కిలోకేలరీలు తినే వ్యక్తికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. అనగా ఆరు చిన్న చెంచాలు. నెలకు 810 గ్రాములు. ఒక లీటరు నూనె తూకం సుమారు 910 గ్రాములు కనుక, నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు పై హద్దు. ఇందులో నెయ్యి, వెన్న, బయట తిన్న వేపుళ్ళు కూడా కలిసినవే. పొట్లం తెరిచిన తేదీని దానిమీదనే రాసి పెట్టుకుంటే, ఇంటి లెక్క నెల తిరిగేసరికి తేటతెల్లమవుతుంది.

బడిలో వండే మధ్యాహ్న భోజనానికి కూడా లెక్క ఉన్నది. కేంద్ర ప్రభుత్వ నియమం ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లవానికి పూటకు 5 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతుల పిల్లవానికి 7.5 గ్రాములు నూనె. నలభై మంది చిన్నపిల్లలున్న బడిలో రోజుకు 200 గ్రాములన్నమాట. తల్లిదండ్రుల సమితి సభ్యులు ఈ అంకెను గుర్తుంచుకోవటం మంచిది.

పసిబిడ్డలకు పథ్యం వద్దు

తల్లిపాలలోని శక్తిలో దాదాపు సగం కొవ్వు నుండే వస్తుంది. బిడ్డ మెదడు అతివేగంగా పెరిగే కాలమది. ఆరు నెలలు నిండి అన్నప్రాశన అయ్యాక నీళ్ళవంటి రాగి సరి మాత్రమే పెడితే, ఆ చిన్న పొట్ట నిండుతుంది గాని శక్తి చాలదు. ప్రతి గిన్నెలోనూ ఒక చిన్న చెంచా నూనె గాని నెయ్యి గాని కలపాలి. మెత్తగా మెదిపిన పప్పు, ఆకుకూర, గుడ్డు క్రమంగా చేర్చాలి. రెండేళ్ళ లోపు బిడ్డకు వైద్యుడు ప్రత్యేకించి చెప్పనిదే కొవ్వు తగ్గించరాదు. పెద్దల కొరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన హద్దు, అనగా మొత్తం శక్తిలో కొవ్వు 30 శాతం మించరాదన్నది, ఈ పసివారికి వర్తించదు.

గర్భిణులు, బాలింతలు తినే కొవ్వును బట్టే బిడ్డకు అందే ఒమేగా-3 ఉంటుంది. "బాలింతకు చేప వద్దు, ఆకుకూర వద్దు" అనే కట్టుబాట్లు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. పెద్దల మాటను గౌరవిస్తూనే, వైద్యుల సలహాతో వాటిని సడలించుకోవటం బిడ్డకు శ్రేయస్కరం.

గుర్తుంచుకోవలసినవి

ఒకే నూనెను ఏడాదంతా వాడక, రెండు రకాలను మార్చి వాడండి. వారంలో నాలుగైదు రోజులు ఆకుకూర, వీలైతే ప్రతిదినం ఒక చెంచా అవిసె పొడి, తినేవారికి వారానికి ఒకటి రెండుసార్లు చేప. కాగిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచవద్దు. గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు తమ వైద్యుని సలహానే పాటించాలి. ఆ పథ్యాన్ని ఇంటిలోని పసిపిల్లల మీద రుద్దరాదు. చేను గట్టు ఖాళీగా ఉన్న రైతులు వచ్చే ముంగారులో రెండు సాళ్ళు హుచ్చెళ్ళు వేసి చూడవచ్చు. చేనికి తేనెటీగలు వస్తాయి, ఇంటికి మంచి పొడి దొరుకుతుంది.